నందన కరువునాటి తాళపుచెవి



ఆబ్దికమునాడు కర్త మూడు పేర్లు చెప్పును. తండ్రి వసురూపుడు, పితామహుడు రుద్రరూపుడు, ప్రపితామహుడు ఆదిత్యరూపుడు. ఆ పైవారు మువ్వురును లేపభాగులు. పిండము నుంచిన చేతికి అంటిన అన్నలేపమే వారి వంతు. వారి పేర్లు మంత్రమున రావు గనుక క్రమక్రమముగా మన నోటను రావు. ముప్పది ఏండ్లుగా అర్చకత్వముతోపాటు ఊరివారిచేత పితృకార్యములు చేయించుచున్న నాకు, నా వంశమున నాల్గవ పేరు తెలియదు. దీనికి శాస్త్రమున పరిహారము లేకపోలేదు. నామములు తెలియనివారు పృథివియందున్న పితరులకు, అంతరిక్షమందున్న పితరులకు, ద్యులోకమందున్న పితరులకు అని చెప్పి పిండములు ఉంచవచ్చునని ఆపస్తంబ మహర్షి దయతో విధించెను. ఎందరికో ఆ వాక్యము నేనే చెప్పించితిని. చెప్పించునపుడెల్ల మనసున ఒక ముల్లు కదలుచుండెడిది.

మా ఇంట పరంపరగా వచ్చిన మాట ఒక్కటే: "మనది పలనాడు. నందన కరువులో వచ్చాము." ఏ ఊరు, ఏ దేవుడు, ఎవరు వచ్చిరి అన్నది ఎవరును ఎరుగరు. మేము కృష్ణా పశ్చిమ డెల్టాలో స్థిరపడి ఎన్నో తరములైనది. పలనాటిలో మిగిలిన బంధువులందరు తరువాతి కాలమున ఉద్యోగములవలననో, వివాహములవలననో తిరిగి అటు చేరినవారే. గత కార్తిక పౌర్ణమి జ్వాలాతోరణము ముగిసిన మరునాడు ఆలయ కార్యమును నా కుమారునకు అప్పగించి, గృహిణితో కూడ బయలుదేరితిని. కార్తికమున శివాలయ అర్చకుడు ఊరు విడుచుట మెచ్చదగిన పని కాదు. కాని కారెంపూడి వీరుల ఉత్సవము కార్తిక అమావాస్యకే వచ్చును, మా మేనత్తగారు ఎనుబది దాటినవారు. రెండును వాయిదాకు ఒప్పవు.

మొదటి మజిలీ నరసరావుపేట. పూర్వము అట్లూరను గ్రామము. మల్రాజు వంశపు జమీందారు నరసారావు పేర 1797లో పట్టణమై, 2022 ఏప్రిల్ 4 నుండి పలనాడు జిల్లాకు కేంద్రమైనది. అచ్చట మా పినతండ్రి కుమారుడు ఉపాధ్యాయుడు. రాత్రి భోజనానంతరము అతడు దేవునిగూటినుండి ఎఱ్ఱని వస్త్రమున చుట్టిన తాటాకుల కట్ట తీసి నా ముందుంచెను. "అన్నయ్యా, నాన్నగారు పోయేముందు నా చేతికిచ్చారు. నాకు చదవడం రాదు. పసుపు కుంకుమ పెట్టి దణ్ణం పెట్టుకుంటున్నాను" అనెను.

తైత్తిరీయారణ్యకము, అరుణప్రశ్న మొదలుకొని. తెలుగు లిపి, స్వరచిహ్నములు లేవు. స్వరము గురుముఖమున వచ్చునదే గనుక వ్రాయనక్కరలేదని తలచి యుండును. కడపటి ఆకున లేఖకుడు తన పేరు, తండ్రి పేరు, గ్రామము, గ్రామదైవమగు ఈశ్వరుని పేరు వ్రాసి, ఖరనామ సంవత్సర మాఘమాసమున ముగించితినని తెలిపెను. ఖర అనగా 1831-32. రెండు మాసములు గడచి ఉగాది వచ్చినంతనే నందన.

లేఖకుని పేరు మా తాతగారి పేరే. లేఖకుని తండ్రి పేరు మా ప్రపితామహుని పేరే. తాత పేరు మనుమనికి పెట్టు ఆచారమున ఆ రెండు పేర్లు తరము విడిచి తరము నడచుచు వచ్చినవి. తరమునకు ఇరువదియెనిమిది ఏండ్ల లెక్క వేసిన ఆ లేఖకుడు నాకు ఆరవ పురుషుడు, లేపభాగులలో చివరివాడు. తెలియదనుకొన్న పేర్లను ప్రతి అమావాస్యకును నేను చెప్పుచునే యుంటినన్నమాట. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కోటప్పకొండను గూర్చి చదువరులకు కొత్తగా చెప్పవలసినది లేదు. త్రికూటములపై వెలసిన కోటేశ్వరుడు దక్షిణామూర్తి స్వరూపుడు. శివరాత్రికి ఊరూరినుండి ఎత్తైన ప్రభలు కట్టుకొని వచ్చు జనవాహిని లోకప్రసిద్ధము. గొల్లభామ ఆనందవల్లి కథలో స్వామి, వెనుదిరిగి చూడరాదను నియమముతో ఆమె వెంట దిగివచ్చుటకు అంగీకరించెను. ఆమె చూచెను, స్వామి నిలిచిపోయెను. వెనుదిరిగి చూచుటకే బయలుదేరిన నాకు ఆ మెట్లపై ఈ కథ కొంత ఇబ్బందిగానే తోచినది.

చేజెర్ల మాత్రము తీరికగా చూడవలసిన క్షేత్రము. కపోతేశ్వరుని ఆలయము వెనుకవైపు అర్ధవృత్తాకారముగ తిరిగి, ఏనుగు వెనుకభాగమును పోలియుండును. పావురమునకై స్వమాంసమును కోసి తూచిన శిబిచక్రవర్తి కథ అచ్చటి స్థలపురాణము. ఈ కట్టడము మొదట బౌద్ధచైత్యమై, పిదప శివాలయమైనదని చరిత్రకారులు చెప్పుదురు. శిబికథ బౌద్ధులకును ప్రియమైనదే, జాతకములందు కలదు. కొందఱు ఆస్తికమిత్రులు ఈ మాటకు నొచ్చుకొందురు. నేను నొచ్చుకొనను. దీపము వెలిగించిన చేతులు మారుచుండును. ఆరిపోకుండుట ముఖ్యము. ఈ వాక్యము ఆనాడు సునాయాసముగా అంటిని. వారము తిరుగక మునుపే దాని బరువు నా తలపైన పడినది.

నందన కరువును గూర్చి కొంత చెప్పవలెను. 1832లో వానలు కురియలేదు. మరుసటి ఏడు చేతికి ధాన్యము లేదు, గాదెలలో నిలువ లేదు, దొరల కచ్చేరీలకు శిస్తు వసూలు మీదనున్న శ్రద్ధ గంజి మీద లేదు. ప్రక్కటెముకలు బయటపడిన మనుష్యులను చూచి జనులు దీనిని డొక్కల కరువనిరి. సుమారు 5 లక్షల జనమున్న గుంటూరు మండలమున మూడవవంతునకు తగ్గని జనము నశించినది. బ్రతికినవారు మద్రాసు బాటను, నైజాము బాటను పట్టిరి. బాటలకు ఇరుప్రక్కల శవములు సంస్కారము లేక పడియుండెనట. ఆ పిదప కాటన్ దొర వాదన నెగ్గి గోదావరిపై ధవళేశ్వరమున 1852 నాటికి, కృష్ణపై బెజవాడలో 1855 నాటికి ఆనకట్టలు లేచినవి. మా పూర్వులు ఎచ్చటెచ్చటనో తిరిగి ఆ నీటి వెంట డెల్టాకు చేరిరి. పలనాటి మెట్టకు మాత్రము ఆ నీరు ఎక్కలేదు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసి, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదలువరకు అది ఎదురుచూచినది. నందనమునుండి లెక్కించిన నూట ముప్పదియైదేండ్లు.

పిడుగురాళ్ళ సున్నపుబట్టీల తెల్లని ధూళి దాటి గురజాల చేరితిమి. మేనత్తగారు గుమ్మములోనే, "ఒరేయ్ నాయనా, నీకు జుట్టు నెరిసిందేమిరా" అని తడిమి చూచిరి. ఆ పూట జొన్నరొట్టె, గోంగూర. శ్రీనాథ మహాకవి ఈ సీమ జొన్నకూటిని చాటువులలో ఎద్దేవా చేసెనని ప్రసిద్ధి. అదే శ్రీనాథుడు ఈ సీమ వీరులపై ద్విపదకావ్యము రచించెను. దొరికిన భాగమును అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో ప్రకటించి తెలుగువారికి మహోపకారము చేసిరి. అత్తగారి జొన్నరొట్టె తిని యుండిన చాటువులు వేరుగా నుండెడివేమో.

గురజాల నలగామరాజు రాజధాని, మాచర్ల మలిదేవుని రాజధాని. 12వ శతాబ్ది చివరిపాదమున దాయాదుల వైరము ముదిరి, కోడిపందెమున ఓడినవారు ఏడేండ్లు వలస పోయి, గడువు తీరినను రాజ్యభాగము దక్కక, రాయబారియై వచ్చిన అలరాజు చర్లగుడిపాడున విషమునకు బలియై, కడకు కారెంపూడి రణభూమిలో ఇరువైపుల వంశములు నశించినవి. భారతకథ చిన్న నేలపై మరల జరిగినట్లుండును. నాయకురాలు నాగమ్మను శకునితో పోల్చి నిందించుట వాడుక. నేను బాల్యమున అట్లే వింటిని. జిట్టగామాలపాటినుండి వచ్చిన ఒక స్త్రీ ఆ కాలమున మంత్రిపదవి నిర్వహించి, స్వయముగా సేనను నడపెను. కథ చెప్పినవారు ఎదుటిపక్షమువారని మరువరాదు. ఈ మాట అనగానే మేనత్తగారు, "ఇన్నాళ్ళకు ఒకడు నోరు విప్పాడు" అని నవ్విరి.

తాటాకున చూచిన గ్రామము గురజాలకు దూరము కాదు. పేరు ఇచ్చట వ్రాయను, కారణము చదువరులకే తెలియును. మేనత్తగారి కుమారుడు, మా బావగారు, తన వాహనముపై నన్ను తీసికొని వెళ్ళెను. మిరపచేల నడుమ నాపరాతి గోడల చిన్న శివాలయము. నంది చెవి ఒకటి విరిగి యున్నది. ఒక వృద్ధుడు బావి దగ్గర నీరు తోడుచుండెను. ఆ ఇంటివారు బోయలు. ఆలయపు తలుపు తెరచి దీపము పెట్టువారు వారే. ఎప్పటినుండి అని అడిగితిని.

"మాకు తెలిసినప్పటి నుంచీ అండీ. మా తాత చెప్పేవాడు. గుడి పంతులుగార్లు కరువులో పోతా పోతా తాళంచెవి మావాళ్ళ చేతిలో పెట్టి, వానలు పడంగానే వస్తాం, దీపం ఆరకుండా చూడండి అన్నారంట. ఆళ్ళు మళ్ళీ రాలా."

నేను తాటాకు సంగతి చెప్పితిని. అతడు చేద క్రింద పెట్టి నన్ను పాదములనుండి తలవరకు చూచెను. సంతోషించునని తలచితిని. అతని ముఖమున కనిపించినది భయము. ఇంటినుండి ఇరువురు కుమారులు వచ్చి నిలిచిరి. పెద్దవాడు మర్యాద తప్పకనే, "కాగితాలేమన్నా తెచ్చారా అండీ?" అనెను. అప్పటికిగాని నాకు బోధపడలేదు. ఆలయమునకు దీపారాధన నిమిత్తము కొంచెము మాన్యము కలదు. ఆ భూమిని ఆ కుటుంబము సాగుచేసికొనుచున్నది. నీరు వచ్చిన పిదప దానికి విలువ వచ్చినది. ఇన్నేండ్లకు పాతపత్రము పట్టుకొని వచ్చిన బ్రాహ్మణుడు ఇంకెందులకు వచ్చును?

ఇచ్చట నా మనసులోని మాట దాచను. 1987 దేవాదాయచట్టముచే అర్చకుల వంశపారంపర్యపు మిరాశీహక్కు రద్దైనది. 1996లో సర్వోన్నత న్యాయస్థానము దానిని సమర్థించినది. 2007 సవరణ వలన కొంత ఊరట కలిగినది. ఆ నడిమి ఇరువదేండ్లలో మా తండ్రిగారి వేదన చూచినవాడను నేను. తరతరముల సేవ హక్కు కాదా అని సభలలో వాదించినవాడను. ఆ నాపరాతి గడపపై నిలిచినపుడు ఆ వాదమంతయు ఎదుటివాని పక్షమున నిలిచినది. తరతరముల సేవ చేసినవాడు అతడు. మా వారు వెళ్ళిపోయిరి. ప్రాణభయమున వెళ్ళిరి, అది దోషము కాదు. ఆపద్ధర్మమునకు శాస్త్రసమ్మతి కలదు. కాని వానలు పడిన పిదప వత్తుమన్నారు. వానలు పడినవి.

"భూమి కోసం రాలేదు నాయనా. మా పెద్దల దేవుణ్ణి చూద్దామని వచ్చాను" అంటిని. వారు నమ్మిరో లేదో తెలియదు. దర్శనము చేసికొని, కొబ్బరికాయ ఆ వృద్ధునిచేతనే కొట్టించి వచ్చితిమి. త్రోవలో బావగారు, "సంప్రోక్షణ చేయిస్తే బాగుంటుందేమో బావా" అనెను. పూజ లోపించినచో సంప్రోక్షణము విధి. నేను చాలసేపు ఆలోచించితిని. మంత్రము లోపించినమాట నిజమే. దీపము ఒక్కనాడును లోపింపలేదు. కరువు చూచినవారే, తాము తినుటకు లేనినాడు, నూనె ఎచ్చటినుండి తెచ్చిరో. ఏది లోపమని సంకల్పము చెప్పుదును? బావగారికి ఆనాడు సమాధానమియ్యలేదు.

అమావాస్యకు కారెంపూడి వెళ్ళితిమి. నాగులేటిలో స్నానము చేసి దర్శతర్పణము విడిచితిని. అదే రేవున వీరాచారవంతులు తమ తమ వీరుల ఆయుధములను, కొణతములను, స్నానము చేయించుచుండిరి. వారికి అవి వట్టి ఇనుము కాదు, పితరులే. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని ఐదు దినముల క్రమము. వీరవిద్యావంతులు కథాగానము చేయగా వినుచు, ఆవేశమున కొందఱు కత్తులు ఎదకు ఆనించుకొందురు. తొలిసారి చూచిన నా గృహిణి భయపడెను. వీరులగుడిలోని లింగములు ఆ యుద్ధమున పడినవారికి గుర్తులు. మందపోరునాడు చాపకూడు. బ్రహ్మనాయుడు కులభేదము పాటింపక అందఱిని ఒకే చాపపై కూర్చుండబెట్టి భుజింపజేసెనని, మాల కన్నమదాసును పుత్రునిగా తలచి సేనాపత్యమిచ్చెనని పలనాడు నేటికిని చెప్పుకొనును.

వైదికాచారమున పెరిగినవాడను. ఆ పంక్తిలో కూర్చుండుటకు నాకు వెంటనే కాళ్ళు రాలేదని ఒప్పుకొందును. ఒక ప్రక్కగా నిలిచియుంటిని. ఒక విద్యావంతుడు, "సామీ, ప్రసాదమండీ" అని దోసిటిలో అన్నము పట్టుకొని వచ్చెను. నాపరాతి గుడి గుర్తుకు వచ్చినది. తీసికొని భుజించితిని. ఇంతకు మించి దీనిని గూర్చి వ్రాయుట గొప్పలు చెప్పుకొనుట అగును.

మాచర్లలో మా వియ్యాలవారిల్లు. చంద్రవంక ఒడ్డున లక్ష్మీచెన్నకేశవస్వామి ఆలయము, బ్రహ్మనాయుని వీరవైష్ణవమునకు కేంద్రము, నేటికిని సీమకంతకు పెద్దదిక్కు. ఎత్తిపోతలకు తీసికొని పోయిరి. డెబ్బది అడుగులనుండి నీరు దుముకుచున్నది. యతి తపస్తలమే ఎత్తిపోతల అయినదని అచ్చట ఒక పండితుడు చెప్పెను. సంస్కృతము నాకు ప్రాణమేగాని, నీరు ఎత్తునుండి పోయుచున్నచోట ఆ పేరు కొరకు యతిని శ్రమపెట్టనక్కరలేదు.

విజయపురి సౌత్ నుండి లాంచిలో నాగార్జునకొండ చేరితిమి. 3వ శతాబ్దిలో ఇక్ష్వాకు రాజగు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అగ్నిష్టోమ, వాజపేయ, అశ్వమేధములు చేసి, మహాసేనుని భక్తుడై ఈ లోయను పాలించెను. ఆ ఇంటి స్త్రీలు బౌద్ధవిహారములకు దానములిచ్చిరి. రాజు యాగశాలలో, రాణులు చైత్యములో. ఒకే ఇంట ఇది కలహము లేక సాగినది. 1926లో రంగస్వామి సరస్వతిగారు గుర్తించిన ఈ స్థలమును, ఆనకట్ట నీరు ముంచకమున్ను 1954 నుండి 1960 వరకు త్రవ్వి, కొన్ని కట్టడములను పెకలించి, కొన్నింటికి నమూనాలు చేసి, ద్వీపముపైనను అనుపు వద్దను నిలిపిరి. శ్రౌతము చదివిన నాకు అశ్వమేధ అవభృథముతో సంబంధము కలదని పురాతత్త్వవేత్తలు చెప్పిన మెట్లకొలను ముచ్చట కన్నులకు నీరు తెప్పించినది. మంత్రమున మాత్రమే ఎరిగిన దానికి రాతిమెట్లు కనిపించుట సామాన్యము కాదు. ఆ లోయలోని ఊళ్ళవారు కూడ ఇండ్లు, గుళ్ళు విడిచి కదలిరి. పలనాటికి నీరిచ్చుటకే వారు కదలిరి. కరువు వలన కదలినవారిని తలచు మనము వీరినిగూడ తలపవలెను.

మా వియ్యంకుడుగారి పూర్వులు కరణములు. 1984లో ప్రభుత్వము గ్రామాధికారుల వంశపారంపర్యపదవులను తీసివేసినపుడు దస్త్రములు పోగా, పాతనకళ్ళు కొన్ని మేడమీద గంపలో మిగిలినవి. నా కథ విని ఆయన రెండు దినములు దుమ్ములో వెదకిరి. 1858లో ఏర్పడిన ఇనాం కమీషను ఊరూరను మాన్యములు విచారించి వ్రాయించిన రిజిస్టరు నకలు ఒకటి దొరికినది. అందు మా గ్రామపు ఈశ్వరుని దీపపు మాన్యము కలదు. అనుభవదారు పేరు, వయస్సు 52. విచారణ 1860 దశకపు ఆరంభమున జరిగినది గనుక, కరువునాటికి అతడు ఇరువది దాటిన యువకుడు. తాళపుచెవి అందుకొన్న చేయి అతనిదే కావచ్చును, కనీసము అందుకొన్నవానిని కన్నులార చూచినవాడు. మా వంశపు పేరు ఆ పుటలో ఎచ్చటను లేదు. ఉండరాదు కూడ.

ఆ పుటకు ప్రతి వ్రాసికొని, తిరుగుప్రయాణమున గురజాలలో దిగి, బావగారితో మరల ఆ ఊరికి వెళ్ళితిని. ఈసారి కుమారులు దూరముగనే నిలిచిరి. పెద్దవానిని పిలిచి కాగితము అతని చేతికే ఇచ్చితిని. "భూమి మీ పెద్దల పేరనే రాసి ఉంది. ఇది మీ దగ్గర ఉండాలి" అంటిని. అతడు మెల్లగా కూడబలుకుకొని చదివెను. పేరు దగ్గర ఆగి తండ్రివైపు చూచెను.

వృద్ధునికి తన తాత పేరు తెలియును, ముత్తాత పేరు తెలియదు. మూడు పేర్ల దగ్గర ఆగిపోవుట మా ఇంటి విద్య మాత్రమే కాదన్నమాట. కుమారుడు ఆ పేరు బిగ్గరగా చదువగా అతడు కొంతసేపు మాటలేక యుండి, "అది మా మనవడి పేరండీ" అనెను. ఎవరు పెట్టమన్నారని అడిగితిని. "ఇంట్లో ఎప్పుడూ ఉండే పేరే కదా అని పెట్టాం" అనెను.

పిలువగా ఎనిమిదేండ్ల బాలుడు వచ్చెను. సాయంసంధ్య అగుచున్నది. తాత చెప్పగా ఇంటిలోనికి పరుగెత్తి తాళపుచెవి తెచ్చెను. అది కొత్త తాళమే, పాతది ఎప్పుడో త్రుప్పుపట్టినదట. నేను నంది ప్రక్కన నిలిచియుంటిని. బాలుడు తలుపు తెరచి, కాళ్ళు కడుగుకొని, లోనికి వెళ్ళి దీపము వెలిగించి, మరల గడపకు వచ్చి, "రాండి పంతులుగారూ" అనెను. లోనికి వెళ్ళి నమకము చెప్పితిని. తాతయు మనుమడును చేతులు జోడించి, చివరివరకు నిలిచి వినిరి.